గంటస్తంభం దగ్గర పాత పేపర్ల కొట్టు: సరుకు బాగుంది, వరసే గందరగోళం

విజయనగరం గంటస్తంభం దగ్గర ఓ సందులో పాత పుస్తకాల కొట్టుంది, 1950ల నాటి ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక బైండ్లు దొరుకుతాయంటే వెళ్లాను. దొరికాయి, కానీ వరస లేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు పక్కనే ప్రకాశం ప్రభుత్వం పడిపోయిన 1954 నవంబరు, మధ్యలో ఏదో సినిమా పత్రిక కలిపి కుట్టేశారు.

నన్ను పట్టేసింది మాత్రం గందరగోళం అనే మాట. ఇప్పుడు ఏ ఫారం అర్థం కాకపోయినా 'గందరగోళంగా ఉంది' అనేస్తాం కదా, నేను తిప్పిన పేజీల్లో అది ఎక్కువగా బయటి గోలే: సభలో కేకలు, మీటింగులో తోపులాట. బుర్రలో చిక్కుముడికి అయోమయం, తికమక. ఒక హెడ్డింగులో 'గందర' వరకు చెదలు తినేసి 'గోళం' ఒక్కటే మిగిలింది, గ్రహణం వార్తేమో అనుకున్నా!

ఇంతలో ఓనరు "కొంతావేటి బాబూ, సదివేసి ఎల్లిపోతావేటి?" అన్నాడు. 600 చెప్పి 450కి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే మధ్యలో పదిహేను పేజీల్లేవు, ఫోన్ చేస్తే అక్కడే చూసుకోవాలి కదా అంటాడు. ఫ్యాన్ లేదు, దుమ్ము మామూలుగా లేదు, మాస్కు పెట్టుకుని వెళ్లండి. అయినా 1955 ఎన్నికల బైండు వస్తే పక్కన పెట్టమని చెప్పాను.