'ది వర్స్ట్ విచ్' పుస్తకాలు: చిన్నపిల్లల కటీఫ్‌లను ఇంత దగ్గరగా చూసిన రచన అరుదు

పిల్ల బడి నుంచి వచ్చి బ్యాగు మూలన పడేసి "దానితో నాకు కటీఫ్" అందనుకోండి. "ఏమైందే?" అని అడిగితే చివర జరిగిందే ముందు చెప్తుంది. అసలు గొడవ ఎక్కడ మొదలైందో తెలియాలంటే అరగంట కూర్చోవాలి. ఆ మొదలు నుంచి చివరి దాకా వరసగా చూపించే పిల్లల పుస్తకాలు చాలా తక్కువ. జిల్ మర్ఫీ రాసిన 'ది వర్స్ట్ విచ్' పుస్తకాల్లో మొదటి మూడూ ఆ పని చేస్తాయి. అందుకే ఏడు నుంచి పదేళ్ల పిల్లలున్న ఇంటికి, ప్రైమరీ స్కూల్ లైబ్రరీకి కొనమని గట్టిగా చెప్తాను. మిగతా ఐదింటి మీద నాకంత పట్టుదల లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

మొత్తం ఎనిమిది పుస్తకాలు. మొదటిది 1974లో ఇంగ్లండులో అచ్చయింది. రెండోది 1980లో, మూడోది 1982లో వచ్చాయి. ఆ తర్వాత కొన్నిటి మధ్య ఎడం బాగా పెరిగింది: 1993, 2005, 2007, 2013, 2018. రచయిత్రి 2021లో చనిపోయారు కాబట్టి ఆమె చేతి మీదుగా వచ్చిన కథలు ఇవే. నలుపు తెలుపు బొమ్మలు కూడా ఆవిడే వేశారు. ఆ బొమ్మలే సగం కథ చెప్తాయి. కథానాయిక మిల్డ్రెడ్ హబుల్‌కి పొడవాటి రెండు జడలు, ఎప్పుడూ ఊడిపోయి వేలాడే బూటు లేసులు. ఆమె నేస్తం మాడ్ పొట్టిగా, గుండ్రంగా, కళ్లద్దాలతో ఉంటుంది. క్లాసులో ఫస్టు వచ్చే ఎథెల్ హాలో సన్నగా, నిటారుగా, ఒక్క ముడత లేని యూనిఫాంలో కనిపిస్తుంది. చదవడం ఇంకా పూర్తిగా రాని పిల్లలు కూడా బొమ్మ చూసి ఎవరెవరో చెప్పేస్తారు.

కథ జరిగేది కొండ మీద, పైన్ అడవి నడుమ, జైలులా కనిపించే, మంత్రగత్తెలు కావడం నేర్చుకునే ఒక ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో. చీపురు మీద ఎగరడం, కషాయాలు కాచడం, మంత్రాలు వల్లించడం అక్కడి సబ్జెక్టులు. జిల్ మర్ఫీ వింబుల్డన్‌లో నన్స్ నడిపే కాన్వెంటులో చదువుకున్నారు. ఆ బడి వాసన ప్రతి పేజీలోనూ ఉంది. మంత్రాలను పక్కన పెట్టి చూస్తే మిగిలేది అచ్చమైన హాస్టలే. బెల్లు, అసెంబ్లీ, పరీక్షలు, ఎక్కడి నుంచి ఊడిపడుతుందో తెలియని క్లాస్ టీచర్ మిస్ హార్డ్‌బ్రూమ్. మన ఊళ్లలో చేతబడి, బాణామతి అనుమానాలతో ఆడవాళ్లను కొట్టిన వార్తలు విన్న పిల్లలు కొందరుంటారు. అలాంటి పిల్లలకు మొదలుపెట్టే ముందే ఒక్క మాట చెప్పండి, ఈ కథలో మంత్రం లెక్కల్లాగే నేర్చుకునే ఒక పాఠం అని. ఆ భయం పోతే కథలోకి హాయిగా వెళ్తారు.

మొదటి పుస్తకంలో పంది ఘట్టాన్ని కాస్త నిదానంగా చూడాలి. పుస్తకం ఎలా పనిచేస్తుందో అంతా అందులోనే ఉంది. స్కూల్లో మిల్డ్రెడ్ క్లాసు పిల్లలందరికీ నల్ల పిల్లికూనలు పంచుతారు. మిల్డ్రెడ్ దగ్గరికి వచ్చేసరికి నల్లవి అయిపోయి, చారల పిల్లి దక్కుతుంది. ఆ పిల్లిని చూసి ఎథెల్ ఎగతాళి చేస్తుంది. నోరు మూసుకోకపోతే కప్పను చేసేస్తానంటుంది మిల్డ్రెడ్. నీకు మొదటి క్లాసు మంత్రాలే రావు, నువ్వా చేసేది అని ఎథెల్ నలుగురిలో నవ్వుతుంది. ఇక వెనక్కి తగ్గితే పరువు పోతుంది కాబట్టి మిల్డ్రెడ్ ఏదో మంత్రం గొణుగుతుంది. ఎథెల్ నిలబడ్డ చోట ఒక చిన్న పంది ఉంటుంది.

ఎగతాళి, బెదిరింపు, రెచ్చగొట్టడం, చెయ్యి దాటిపోవడం. నాలుగు మెట్లు. మిస్ హార్డ్‌బ్రూమ్ వచ్చేసరికి మొదటి మూడూ అయిపోయాయి. ఆవిడకు కనిపించింది పంది ఒక్కటే. బడుల్లో జరిగే గొడవల్లో చాలావాటికి తీర్పు ఇలాగే పడుతుంది. జుట్టు పట్టుకుని లాగిన పిల్ల దొరుకుతుంది, పది నిమిషాల పాటు గుచ్చిన పిల్ల దొరకదు. రచయిత్రి ఇక్కడ టీచర్‌ను దుర్మార్గురాలిగా చూపించలేదు, మిల్డ్రెడ్‌ను పూర్తిగా వెనకేసుకుని రాలేదు. మంత్రం వేసింది మిల్డ్రెడే. దాన్ని విప్పాల్సిందీ మిల్డ్రెడే.

ఎథెల్ తిప్పికొట్టిన తీరు ఇంకా సూక్ష్మంగా రాశారు. మంత్రగత్తెలు జరుపుకునే హాలోవీన్ పండగ రోజు అతిథుల ముందు క్లాసంతా చీపుళ్ల మీద విన్యాసం చెయ్యాలి. మిల్డ్రెడ్ చీపురు విరిగి, అతుకులు వేసి ఉంటుంది. జరిగిందేదో జరిగిపోయింది, నా దగ్గర ఇంకో చీపురుంది తీసుకో అని ఎథెల్ ఇస్తుంది. ముందే దానికి మంత్రం పెట్టి ఉంచింది. మిల్డ్రెడ్ ఎందుకు తీసుకుంది? అవసరం ఒకటి. గొడవ ఇంతటితో తెగిపోతే బాగుండునన్న ఆశ ఇంకొకటి, అదే పెద్దది. ఆడపిల్లల మధ్య పగ చాలాసార్లు ఇలా స్నేహం ముసుగులోనే వస్తుంది. పిల్లలు ఆ ఘట్టం వింటూ "తీసుకోవద్దు, తీసుకోవద్దు" అని అరుస్తారు.

ప్రదర్శన రసాభాస అయ్యాక, ఈ గొడవతో ఏ సంబంధం లేని అమ్మాయిలంతా మిల్డ్రెడ్‌కి ఎదురు తిరుగుతారు. ఒక్క మాడ్ మాత్రం పక్కన ఉంటుంది. అయినా మిల్డ్రెడ్ బడి వదిలి పారిపోవాలనుకుంటుంది. ప్రాణస్నేహితురాలు ఒకరున్నా, క్లాసంతా మొహం తిప్పుకుంటే పిల్లకు బడి నరకంలాగే ఉంటుంది. పెద్దవాళ్లు "మాడ్ ఉందిగా, ఇంకేం?" అని తేల్చేస్తారు. ఈ పుస్తకం అలా తేల్చెయ్యలేదు.

నా లెక్కలో అన్నిటికన్నా మంచిది రెండో పుస్తకం. ఎనిడ్ నైట్‌షేడ్ అనే కొత్తమ్మాయి వస్తుంది, ఆమెను చూసుకునే బాధ్యత మిల్డ్రెడ్ మీద పడుతుంది. పైకి బుద్ధిమంతురాలిలా కనిపించే ఎనిడ్ అల్లరిలో మిల్డ్రెడ్‌ని మించిపోతుంది. ఆటల పోటీల్లో పోల్‌వాల్ట్ కర్రకు ఆమె మంత్రం పెట్టడంతో మిల్డ్రెడ్ ఆకాశంలోకి ఎగిరిపోతుంది. ఈ గోలలో మాడ్ పక్కకు జరిగిపోతుంది, అలుగుతుంది, అసూయ పడుతుంది. ఇక్కడ తప్పెవరిదో చెప్పండి. అప్పగించిన పని చేస్తోంది మిల్డ్రెడ్. కొత్త చోట ఒక తోడు వెతుక్కుంటోంది ఎనిడ్. తన చోటు పోతుందని భయపడుతోంది మాడ్. ఎథెల్ లాంటి విలన్ అవసరం లేకుండానే స్నేహం చెడిపోగలదని చిన్నపిల్లలకు ఇంత తేలిగ్గా చెప్పిన కథ దొరకడం కష్టం. ఇద్దరున్న చోట మూడో మనిషి వస్తే ఎవరికి ఎక్కడ గుచ్చుకుంటుందో ప్రతి సన్నివేశంలో కనిపిస్తుంది. చివరికి ముగ్గురూ ఒక జట్టవుతారు, మిగతా పుస్తకాలన్నీ ఆ ముగ్గురి మీదే నడుస్తాయి.

మూడో పుస్తకంలో ఎథెల్ చెల్లెలు సిబిల్ మొదటి సంవత్సరంలో చేరుతుంది. ఆ పిల్ల ఎవరో తెలియక, బడిలో వేసే శిక్షల గురించి మిల్డ్రెడ్ లేనిపోని కథలల్లి ఆమెను భయపెడుతుంది. చెల్లెల్ని ఏడిపించినందుకు ఎథెల్ మిల్డ్రెడ్‌ని కప్పను చేస్తుంది. శిక్ష మరీ ఎక్కువే, కానీ కోపం న్యాయమైనది. మనం ఇష్టపడే పిల్ల కూడా ఇంకొకరికి ఎథెల్ కాగలదని ఈ పుస్తకం చూపిస్తుంది. అందుకే మొదటి రెండూ కొని మూడోది వదిలెయ్యకండి.

ఇక లోపాలు. పెద్ద లోపం రాజీ లేకపోవడం. మొదటి పుస్తకంలో మిల్డ్రెడ్ పరువు తిరిగొచ్చేది ఆమె బడిని కాపాడినందుకు. ప్రిన్సిపాల్ మిస్ కేకిల్ సోదరి అగాథా బడిని లాక్కోవాలని పన్నాగం పన్నితే, ఆ ముఠాను మిల్డ్రెడ్ నత్తలుగా మార్చి పట్టిస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. కానీ ఎథెల్, మిల్డ్రెడ్ కూర్చుని "నువ్వు అలా అన్నందుకు నాకు బాధేసింది" అని మాట్లాడుకునే సన్నివేశం ఏదీ రాయలేదు. సాహసం చేస్తే గొడవలు వాటంతటవే సర్దుకుంటాయని పిల్లలు అనుకునే ప్రమాదముంది. ఆ మాట్లాడుకునే పని చదివించే పెద్దవాళ్లే చెయ్యాలి.

రెండో లోపం ఎథెల్ ఎదగకపోవడం. ఆరో పుస్తకంలో మిల్డ్రెడ్ సెలవుల్లో కష్టపడి చేసిన ప్రాజెక్టును ఎథెల్ దొంగిలిస్తుంది. ఆ అన్యాయం పిల్లలకు బాగా తగులుతుంది, నిజమే. కానీ మూడో పుస్తకం తెరిచిన తలుపు ఇక్కడ మళ్లీ మూసుకుపోయింది. అక్కడ చెల్లెలి కోసం మండిపడిన ఎథెల్ ఇక్కడ ఉత్త దొంగ. ఏడో దానిలో వచ్చే కుక్క స్టార్ ముద్దుగా ఉంటుంది, కానీ స్నేహం గురించి కొత్తగా తెలిసేది తక్కువ. పిల్లలు అడిగితే కొనండి, లేకపోతే మూడింటితో ఆపినా నష్టమేమీ లేదు.

పుస్తకాలు చిన్నవి, అధ్యాయాలూ చిన్నవే. పెద్దగా చదివి వినిపిస్తే ఒక్కో అధ్యాయం పావుగంటలో అయిపోతుంది. మధ్యమధ్య తెలుగులో చెప్తూ పోతే రెట్టింపు పెట్టుకోండి. ఇంగ్లిష్ మీడియంలో నాలుగో తరగతి పిల్లలు సొంతంగా చదువుకోగలరు. వరస మాత్రం తప్పొద్దు. ఎనిడ్ ఎవరో తెలియకుండా మూడోది మొదలుపెడితే ముగ్గురి బంధం అర్థం కాదు.

పంది ఘట్టం దగ్గర పుస్తకం మూసి "టీచర్ రెండు నిమిషాలు ముందే వచ్చుంటే ఏం చూసేది?" అని అడగండి. చీపురు ఇచ్చిన చోట "నువ్వైతే తీసుకుంటావా?" అని. రెండో పుస్తకంలో మాడ్ అలిగినప్పుడు "మాడ్ నోరు తెరిచి ఏమని అడిగితే బాగుండేది?" అని. ఆ మూడు చోట్లే చాలు. ప్రతి పేజీకీ ఆపితే కథ చస్తుంది. "దీంట్లో నీతి ఏంటి?" అని అడిగారా, పిల్ల మీకు నచ్చే జవాబొకటి చెప్పి ఊరుకుంటుంది.

ఇంట్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. పిల్ల తన క్లాసులో నచ్చని అమ్మాయికి "ఎథెల్" అని పేరు పెట్టేస్తుంది. సరదాగా ఉందని మీరూ అదే పేరుతో పిలిచారంటే, ఆ అమ్మాయితో మళ్లీ కలిసే దారి మీరే మూసేసినట్టు. అలాంటప్పుడు మూడో పుస్తకంలోని సిబిల్ ఘట్టం మళ్లీ చదివించండి. క్లాసులో నాటకంలా చదివించే టీచర్లు ఆరుగురు ఎనిమిదిమంది గుంపుతో చేస్తే బాగుంటుంది, ప్రతి అధ్యాయానికీ పాత్రలు మార్చాలి. నిజంగా పడని ఇద్దరికి మిల్డ్రెడ్, ఎథెల్ పాత్రలు ఇవ్వకండి. ఎగతాళి మాటలు నాటకం అయ్యాక కూడా ఆట స్థలంలో కొనసాగుతాయి.

తెర మీద ఈ కథ 1986లో సినిమాగా, 1998 నుంచి 2001 దాకా ఒక టీవీ సీరియల్‌గా, 2017 నుంచి 2020 దాకా ఇంకో సీరియల్‌గా వచ్చింది. చివరిదే పిల్లలకు ఎక్కువ నచ్చుతుంది. అందులో మిల్డ్రెడ్ మంత్రాలు తెలియని ఇంటి నుంచి వచ్చిన పిల్ల. ఎథెల్‌కి అందరూ మెచ్చుకునే అక్క, మెప్పించడం కష్టమైన తల్లి ఉన్నారు. ఎథెల్ ఎందుకంత చిటపటలాడుతుందో పుస్తకాల కంటే ఇందులోనే బాగా తెలుస్తుంది. ఈ విషయంలో సీరియల్‌దే పైచెయ్యి. కానీ ముందే చూపిస్తే గొడవంతా పుట్టుక, కుటుంబం చుట్టూ తిరుగుతుంది, చారల పిల్లి దగ్గర మొదలైన చిన్న మాట ఎంత దూరం పోయిందో పిల్లలకు ఆనదు. మూడు పుస్తకాలు అయ్యాకే పెట్టండి. మొదటి మూడు సీజన్లలో మిల్డ్రెడ్‌గా బెల్లా రామ్సే, నాలుగో దానిలో లిడియా పేజ్ నటించారు. మనిషి మారిందని చిన్నపిల్లలు కంగారు పడతారు, నాలుగోది మొదలుపెట్టే ముందే ఆ సంగతి చెప్పేయండి.