మూడున్నరేళ్ళు యూరినరీ డ్రై ఫుడ్ పెట్టాక: మా కిట్టుకి గింజలకంటే గోరువెచ్చని నీళ్ళే కలిసొచ్చాయి

ఈ రోజు పొద్దున మా పిల్లి కిట్టు టాయిలెట్ ట్రేలో, యూరిన్ తగిలి ఇసుక గడ్డకట్టిన ముద్దలు మూడున్నాయి, ఒక్కోటి రవ్వలడ్డు అంత. మగపిల్లికి ఒకసారి యూరిన్ బ్లాక్ అయిన ఇంట్లో ఆ ముద్దల సైజు చూస్తే ఎంత నిమ్మళంగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. రెండేళ్ళుగా నా రోజు ఆ ట్రే దగ్గరే మొదలవుతోంది, మూడు కనిపించిన రోజు కాఫీ రుచి కూడా వేరుగా ఉంటుంది.

మూడున్నరేళ్ళుగా వాడికి డాక్టర్ రాసిచ్చిన యూరినరీ డ్రై ఫుడ్డే పెడుతున్నాను, అంటే యూరిన్‌లో స్ఫటికాలు కట్టకుండా చేసే పొడి గింజలు. కంపెనీ పేరు రాయను. పెద్ద కంపెనీలవన్నీ దాదాపు ఒకే దారిలో పని చేస్తాయి, ప్యాకెట్ వెనక ఉన్నదంతా మీరు చదువుకోవచ్చు. నేను రాయాలనుకున్నది ప్యాకెట్ మీద "తాగడానికి మంచినీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి" అని చిన్న అక్షరాల్లో ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతి గురించి. నాకు అది అర్థం కావడానికి ఏడాదిన్నర పట్టింది.

2022 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, రాత్రి పదకొండు దాటాక కిట్టు ట్రేలోకి వెళ్ళి కూర్చున్నాడు. లేచాడు, తవ్వాడు, మళ్ళీ కూర్చున్నాడు. అరగంటలో ఎనిమిదిసార్లు. ఫోన్లో అమ్మ "మలబద్ధకం అయ్యుంటుందే, కాస్త ఆముదం పట్టించు" అంది. నేనూ అదే అనుకున్నాను, ఇంట్లో ఆముదం లేక ఊరుకున్నాను. తెల్లారేసరికి వాడు బాత్రూమ్‌లో చల్లటి నేల మీద ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. ఎత్తుకోబోతే నేనెప్పుడూ వినని గొంతుతో అరిచాడు. పొట్ట కింద కమలాపండంత గట్టిగా చేతికి తగిలింది.

డాక్టర్ గారు అక్కడ చెయ్యి పెట్టగానే అడిగిన మొదటి మాట, "ఎన్ని గంటలైంది?" మత్తిచ్చి, సన్నటి క్యాథెటర్ పెట్టి, సెలైన్‌తో కడిగితే వచ్చిన యూరిన్ చింతపండు రసం రంగులో ఉంది. అడుగున సన్నటి ఇసుక. మగపిల్లికి మూత్రనాళం చివర బాగా ఇరుకు, ఆ ఇసుకా జిగురూ కలిసి అక్కడ బిరడాలా పడిపోతుంది. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. ఇంకొక పూట చూద్దాం అనుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. మగపిల్లి పదేపదే ట్రేలో కూర్చుని చుక్క కూడా రాకపోతే దయచేసి వెంటనే బయల్దేరండి, తెల్లారేదాకా ఆగకండి.

ఆ ఇసుకని డాక్టర్ గారు మైక్రోస్కోప్‌లో నాకూ చూపించారు. అంచులు చెక్కిన గాజు పలకల్లాంటి స్ఫటికాలు, చూడటానికి అందంగానే ఉన్నాయి. స్ట్రూవైట్ అంటారట, మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి కట్టేది. యూరిన్ ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ 7.5, క్షారం వైపు. మూడు రోజులు క్లినిక్‌లో ఉంచుకుని ఇంటికి పంపినప్పుడు వాడి మెడ చుట్టూ నాక్కోకుండా పెట్టే కోన్, నా చేతిలో ఆ ఫుడ్డు కిలోన్నర సంచి.

ఆరు వారాల తర్వాత టెస్ట్‌లో ఒక్క స్ఫటికం లేదు, పీహెచ్ 6.3కి దిగింది. వాడు గింజలు కరకరా నమిలి తినేవాడు, గిన్నె ఖాళీ అయ్యేది. ఆ ఏడాదంతా అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "ఈ ఫుడ్డు పెట్టండి, ఇంకేం అక్కర్లేదు" అని చెప్పాను. మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరి చేత కొనిపించాను కూడా. ఆ మాటలో మొదటి సగం మీద, మా కిట్టు వరకు, ఇప్పటికీ నిలబడతాను. రెండో సగం తప్పు.

2023 మే నెల. విజయవాడ ఎండలు తెలిసిందే. అదే సమయానికి మా పై ఫ్లాట్‌వాళ్ళు పాత టైల్స్ పగలగొట్టించి కొత్తవి వేయించడం మొదలుపెట్టారు. పొద్దున తొమ్మిదికి డ్రిల్లింగ్ మొదలైతే సాయంత్రం దాకా మన మాట మనకే వినపడదు. కిట్టు బీరువా వెనక దూరి చీకటి పడితే గానీ బయటికి వచ్చేవాడు కాదు. ఐదో రోజు ట్రేలో కాకుండా బాత్రూమ్ తెల్ల టైల్ మీద రూపాయి బిళ్ళంత తడి కనిపించింది, మధ్యలో గులాబీ రంగు. పక్కనే ఇంకొకటి, గుమ్మం దగ్గర మరొకటి. నా కాళ్ళు ఆడలేదు.

అదే క్లినిక్, అదే బల్ల. ఈసారి బ్లాక్ కాలేదు, బ్లాడర్ చిన్నగా ఉంది. స్కానింగ్‌లో గోడ మందంగా కనిపించింది, రాయి లేదు. స్ఫటికాలు లేవు, ఇన్ఫెక్షన్ లేదు, పీహెచ్ 6.4. నాకు ఆ సంచి మీద ఎంత కోపమొచ్చిందో! "నెలకి రెండు వేల పైన పెడుతున్నాను, ఇదొక్కటే తింటున్నాడు, మళ్ళీ రక్తం ఎందుకొచ్చింది డాక్టర్ గారూ?" అని గొంతు పెంచేశాను. ఆయన నిదానంగా "గింజలు వాటి పని అవి చేశాయమ్మా, స్ఫటికాలు లేవు చూడండి. ఇది ఆ జబ్బు కాదు" అన్నారు.

పిల్లులకి ఇలా రక్తం పడటం, చోటు కాని చోట పోయడం వస్తే సగానికి పైగా కేసుల్లో రాయీ ఉండదు, ఇన్ఫెక్షనూ ఉండదట. కారణం దొరకని బ్లాడర్ వాపు, ఇడియోపథిక్ సిస్టైటిస్ అంటారు. ఒత్తిడికీ దీనికీ దగ్గర సంబంధం ఉంది. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ అనే ఆయన ఏళ్ళ తరబడి దీని మీదే పని చేసి, ఇది ఒక్క బ్లాడర్ జబ్బు కాదనీ మొత్తం పిల్లి జబ్బనీ తేల్చి, దీనికి పండోరా సిండ్రోమ్ అని పేరు పెట్టారు. బీరువా వెనక ఐదు రోజులు దాక్కున్నవాడిని చూశాక నాకు అది నమ్మడానికి కష్టం అనిపించలేదు.

తర్వాత డాక్టర్ గారు రిపోర్ట్‌లో ఒక అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. స్పెసిఫిక్ గ్రావిటీ, 1.058. అంటే యూరిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే లెక్క. పిల్లికి అంత చిక్కగా ఉండటం వింత కాదు. దాని పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల అడవిపిల్లులు, ఉన్న నీటినే పొదుపుగా వాడుకునే కిడ్నీలు వాటివి. ఎలుకలో డెబ్బై శాతం దాకా నీరే కాబట్టి వేటాడి తిన్న పిల్లికి వేరే దాహం పెద్దగా ఉండేది కాదు. మనం పెట్టే గింజల్లో నీరు పది శాతం లోపు. పైగా గిన్నె దగ్గరికి వెళ్ళి ఆ లోటు పూడ్చుకునేంత దాహం దానికి వెయ్యదు. అసలే వాచిన బ్లాడర్‌లో ఆ చిక్కటి యూరిన్ గంటల కొద్దీ నిలవ ఉండటం మంచిది కాదు, దాన్ని పల్చన చెయ్యాలి అన్నారు.

ఇంటికొచ్చి కొలిచాను. కొలత గ్లాసుతో గిన్నె నింపడం, మర్నాడు మిగిలింది కొలవడం. మూడు రోజులూ వాడు తాగింది నూరు మిల్లీలీటర్లు దాటలేదు. కిలో బరువుకి రోజుకి యాభై చొప్పున చూస్తే 4.6 కిలోల పిల్లికి తిండిలోదీ గిన్నెలోదీ కలిపి 230 దాకా అందాలి. బోరు నీళ్ళు మానేసి టిన్ను నీళ్ళు పోశాను, గిన్నె మార్చాను, హాల్లో ఒకటి వంటింట్లో ఒకటి పెట్టాను. పెద్ద తేడా రాలేదు.

అదే కంపెనీ వెట్ ఫుడ్ పౌచ్‌లు తెప్పించాను. వాటిలో నీరు డెబ్బై అయిదు, ఎనభై శాతం, డాక్టర్ గారి మొదటి ఓటు కూడా వాటికే. కానీ రోజుకి మూడు పౌచ్‌లంటే నెలకి తొమ్మిది పది వేలు. నా జీతానికి అది కుదిరే పని కాదు. అప్పుడు ఆయనే, "అయితే ఆ గింజల్లోనే నీళ్ళు పోసి చూడండి" అన్నారు. ఇంత చిన్న మాట మొదటి రోజే ఎందుకు తట్టలేదా అని నాకు నా మీదే బాధేసింది.

మొదటి రోజు ఆత్రంలో నాలుగు పెద్ద చెంచాల నీళ్ళు పోసేశాను. వాడు వాసన చూశాడు, నా మొహం చూశాడు, గిన్నె చుట్టూ నేల గీకాడు, ట్రేలో పోసింది కప్పెట్టినట్టే. రెండు పూటలు ముట్టలేదు. పిల్లిని పస్తు పెట్టి అలవాటు చెయ్యకూడదు, రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి అదొక ప్రమాదం. అందుకని మళ్ళీ పొడి గింజలకే వెళ్ళి, అందులో ఒక్క టీ చెంచా నీళ్ళతో మొదలుపెట్టాను. నాలుగు రోజులకొకసారి ఇంకో చెంచా. చల్లటి నీళ్ళు పోస్తే వదిలేసేవాడు. గోరువెచ్చగా పోస్తే గింజల వాసన పైకి లేచేది, తోక నిలబెట్టి వచ్చేవాడు. మొండికేసిన రోజు చికెన్ ఉడికించిన నీళ్ళు ఒక చెంచా. ఉప్పూ పసుపూ లేకుండా విడిగా ఉడికించినవి. ఉల్లి, వెల్లుల్లి తగలనివ్వకండి, అవి పిల్లుల ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి.

నెల దాటేసరికి పూటకి పద్దెనిమిది గ్రాముల గింజలు, యాభై మిల్లీలీటర్ల నీళ్ళు, మూడు పూటలు. గింజలు మునిగి పైన పల్చటి జావలా తేలుతుంది. ముందు ఆ జావంతా నాకేస్తాడు, తర్వాత ఉబ్బిన గింజల జోలికి వెళ్తాడు. రోజుకి నూటయాభై మిల్లీలీటర్లు వాడికి తెలియకుండానే లోపలికి వెళ్తున్నాయి. అంతకుముందు ట్రేలో రోజుకి రెండు ముద్దలు, నిమ్మకాయంత. ఇప్పుడు మూడు, ఒక్కో రోజు నాలుగు. ఆరు వారాలకి టెస్ట్ చేయిస్తే స్పెసిఫిక్ గ్రావిటీ 1.030కి దిగింది. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.

దీంతో వచ్చే ఇబ్బందులూ చెప్పాలి. నానిన గింజలు మన ఎండల్లో గంటకి మించి ఉంచలేం, పులిసిన వాసనొస్తుంది. చీమలు పట్టకుండా గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టాలి. గిన్నె ప్రతి పూటా తోమాల్సిందే. నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి మధ్యాహ్నం పూట కూడా చూసుకోగలుగుతున్నాను. పొద్దున తాళం వేసి రాత్రికి వచ్చేవాళ్ళకి రెండు పూటలే కుదురుతుందేమో, వాళ్ళకి నా లెక్క అలాగే సరిపోతుందని చెప్పలేను.

నీళ్ళ వల్లే తగ్గిందని కూడా గట్టిగా అనను. ఈ రకం వాపు చాలాసార్లు వారం రోజుల్లో దానంతటదే సర్దుకుంటుందట, జూన్‌లో డ్రిల్లింగ్ ఆగిపోయింది కూడా. అదే నెలలో రెండో ట్రే పెట్టాను. బీరువా పక్కన ఒక అట్టపెట్టె వేశాను, ఇప్పుడు వాడి దాగుడు చోటు అదే. దీపావళికి తలుపులేసి ఫ్యాన్ హోరులో వాడి పక్కనే కూర్చుంటాను. ఇన్నిటిలో ఏది ఎంత పని చేసిందో విడదీయలేను. రెండేళ్ళలో రక్తం మళ్ళీ కనపడలేదు, నాకు తెలిసింది అంతే.

ఇంకోటి, "ఇదొక్కటే తింటున్నాడు" అని డాక్టర్ గారితో అన్నాను కదా, అది పూర్తి నిజం కాదు. అమ్మ బందరు నుంచి వచ్చినప్పుడల్లా ఎండు మెత్తళ్ళు తెస్తుంది. వాడికి దొంగచాటుగా రోజూ రెండు వేస్తోందని తర్వాత తెలిసింది. "పిల్లి కదే పాపం, చేప లేకుండా ఎలా బతుకుతాడు?" అంటుంది. ఎండుచేపలో ఉప్పూ ఖనిజాలూ ఎక్కువ, పక్కన అవి పెడుతుంటే యూరినరీ ఫుడ్ వాడినా లాభం తగ్గిపోతుంది. ఆ రిపోర్ట్ చూపించాక అమ్మే మానేసింది. ఇప్పుడు నానబెట్టిన గింజలు తనే కలిపి పెడుతుంది, నీళ్ళ వేడి మణికట్టు మీద వేసుకుని చూస్తుంది.

నేను కొనిపించిన ఇద్దరిలో ఒకరి ఆడపిల్లికి ఉన్నది స్ట్రూవైట్ కాదు, కాల్షియం ఆక్సలేట్ రాయి. అది ఏ తిండికీ కరగదు, ఎక్కువగా ఆపరేషన్ చేసే తియ్యాల్సి వస్తుంది. వాళ్ళు నా మాట నమ్మి టెస్ట్ చేయించకుండా మూడు నెలలు ఇదే పెట్టారు. 1981 నుంచి పిల్లుల రాళ్ళు పరీక్షిస్తున్న మినెసోటా యూనివర్సిటీ కేంద్రం లెక్కల్లో మొదట్లో ఎక్కువ భాగం స్ట్రూవైటే. ఇలాంటి ఆహారాలు వాడుకలోకి వచ్చాక అవి తగ్గి, ఆక్సలేట్ పెరుగుతూ వచ్చింది. ఇది నాకు ముందే తెలిసి ఉంటే ఆవిడకి అలా చెప్పేదాన్ని కాదు. ఆ పిల్లి ఇప్పుడు బాగానే ఉంది, ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా లిఫ్ట్‌లో కనిపించినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

అందుకని నా మాట మా కిట్టు వరకే తీసుకోండి: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగపిల్లి, వయసు ఆరు దాటింది, ఒకసారి స్ట్రూవైట్‌తో బ్లాక్ అయ్యాడు, కిడ్నీలు ఇప్పటివరకూ బాగున్నాయి. వాడికి ఈ గింజలు మళ్ళీ కొంటాను, కానీ పొడిగా మాత్రం పెట్టను. ఈ రకం ఫుడ్డుల్లో కొన్నిటికి నీళ్ళు తాగించడానికి ఉప్పు ఎక్కువ కలుపుతారు, కిడ్నీ, గుండె జబ్బులున్న పిల్లికి అది పడకపోవచ్చు. రేపు కిట్టు కిడ్నీ రిపోర్ట్ మారితే నేనూ మార్చాల్సిందే. వచ్చే నెల మొదటి వారంలో రక్త పరీక్ష ఉంది. సంచిలో ఇంకా సగం ఉంది, అది చూశాకే కొత్తది ఆర్డర్ పెడతాను.