మోంజా "ఫ్రెష్" సెటప్ కొనబోతున్నారా, ఒక్క నిమిషం ఆగండి

ఇంకా మండుతోంది నాకు, కాబట్టి నీట్‌గా రాయలేను, సర్దుకోండి. ఏసీసీ (అసెట్టో కోర్సా కాంపిటిజియోనే, కార్ రేసింగ్ గేమ్) ఆడే మనందరికీ తెలిసినోడే, వారం వారం "ఫ్రెష్ సెటప్" అని పోస్టులు పెడుతుంటాడే, నల్ల హెల్మెట్ డీపీ, ఆ మహానుభావుడి దగ్గరే ఇటలీలోని మోంజా ట్రాక్‌కి జీటీ3 రేస్ కారు సెటప్, అంటే వింగ్, టైర్ ప్రెషర్ లాంటి సెట్టింగులన్నీ ఉండే ఫైల్, కొన్నా. లీగ్ రేస్ దగ్గర పడింది, కూర్చుని ఒక్కో క్లిక్ మార్చి చూసుకునే టైమ్ లేదు, వాడు పెట్టిన ల్యాప్ వీడియో చూస్తే కళ్లు తిరిగాయి, డబ్బులు కొట్టేశా. బ్యాక్‌గ్రౌండ్ అంతే.

మొదటి ల్యాప్ బానే పోయింది. టైర్లు వేడెక్కాక చూడాలి సినిమా. మోంజా మలుపులే చెప్తా, రెండో లెస్మోలోంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కితే వెనక జారిపోవడం, అస్కారీలో కెర్బ్ (ట్రాక్ అంచు గట్టు) మీదికెక్కితే బండి గాల్లోకి లేవడం, పారాబోలికాలో ఎంత తిప్పినా ముందు టైర్లు మాట వినకపోవడం. ప్రెషర్లు చూస్తే నాలుగూ 27.5 దాటి కూర్చున్నాయి. 2023లో 1.9 అప్‌డేట్ వచ్చినప్పట్నుంచి డ్రై టైర్‌కి వేడి మీద 26, 27 పీఎస్ఐ మధ్యలో ఉండాలని మొన్న గేమ్ ఇన్‌స్టాల్ చేసినోడికి కూడా తెలుసు, 27.5 అనేది దానికి ముందు రోజుల లెక్క. మూడో రోజు పూల మీద నీళ్లు చల్లి అమ్మినట్టుంది ఈ ఫ్రెష్.

అప్పుడు డౌటొచ్చి గేమ్‌లో ఆ కారుకే ఉన్న అగ్రెసివ్ ప్రీసెట్ (గేమ్ ఉచితంగా ఇచ్చే రెడీమేడ్ సెటప్) లోడ్ చేసి, వేరే పేరుతో సేవ్ చేసి, రెండు జేసన్ ఫైళ్లూ నోట్‌ప్యాడ్‌లో పక్కపక్కన తెరిచా. స్ప్లిటర్ అదే, యాంటీ రోల్ బార్లు అవే, డిఫ్ ప్రీలోడ్ అదే, డాంపర్లు నాలుగు మూలలా అవే నంబర్లు, బ్రేక్ డక్టులు కూడా ముట్టుకోలేదు. అన్నిటికంటే మండింది వెనక వింగ్. మోంజా అంటేనే స్ట్రెయిట్లు, వింగ్ తగ్గిస్తే వాటి మీద స్పీడ్ పెరుగుతుంది, ఎవడైనా అక్కడ ముందు చెయ్యి పెట్టేదే వింగ్ మీద, దాన్ని ఒక్క క్లిక్ కూడా తగ్గించలేదు! మార్చినవి రెండే, ఫ్యూయలూ టైర్ ప్రెషరూ. కష్టపడి మార్చిన ఆ ప్రెషరూ తప్పే.

సరే, పొరపాటున వేరే ఫైల్ పంపాడేమో అని మర్యాదగానే మెసేజ్ పెట్టా, స్క్రీన్‌షాట్లు కూడా జత చేసి. డబ్బులు పడేదాకా "అన్నా, మీరు ట్రై చేయండన్నా, మీకు నచ్చకపోతే నన్నడగండన్నా" అన్న మనిషి ఏం రాశాడో చూడండి: "సెటప్ బానే ఉంది, నీ చేతులే బాలేవు. ముందు బ్రేక్ ఎక్కడ కొట్టాలో నేర్చుకో." అన్నా పోయింది, మీరు పోయింది, ఒక్క ట్రాన్స్‌ఫర్‌తో నువ్వు అయిపోయా. చేతులు బాలేవు సరే బాబూ, నా చేతులు బాలేకపోతే నీ ఫైల్లో నంబర్లు ప్రీసెట్‌తో ఎలా కలిశాయి అని అడిగా, ఆ వీడియో ల్యాప్ టెలిమెట్రీ (స్పీడ్, బ్రేక్ లాంటివి రికార్డయిన డేటా) ఇవ్వమన్నా. చూసినట్టు టిక్ పడింది, తర్వాత బ్లాక్. నేను స్లో అనే మాట నిజమే, మా లీగ్‌లో ఎవర్నడిగినా చెప్తారు, కానీ ఆ మాట చెప్పించుకోవడానికి డబ్బులు కట్టాలని తెలీదు.

ఆ వీడియో మళ్లీ చూశా. కాక్‌పిట్ వ్యూ మాత్రమే, సెటప్ స్క్రీన్ లేదు, ప్రెషర్లు కనిపించే పేజీ ఎక్కడా తెరవలేదు, ట్యాంక్‌లో ఎంత ఫ్యూయల్ ఉందో తెలీదు. ఇంత మెరిసే వీడియోలో ఇవేవీ లేవని ముందే చూడాల్సింది, చూళ్లేదు.

ఎవరి దగ్గర కొన్నా ముందు ఏ వెర్షన్‌లో చేశారు, ట్రాక్ టెంపరేచర్ ఎంత, కొన్ని ల్యాపుల తర్వాత వేడి ప్రెషర్లు ఎంత అని స్క్రీన్‌షాట్ అడగండి, నసిగితే వదిలేయండి. ఫైల్ చేతికొచ్చిన వెంటనే ప్రీసెట్‌తో పోల్చుకోండి, పెద్ద పనేం కాదు. ఇప్పుడు స్పా ట్రాక్‌కి సెటప్ ప్యాక్ అని కొత్త పోస్ట్ పెట్టాడట, అదీ "ఫ్రెష్" అంట. నా రెండు ఫైళ్లూ, వాడి మెసేజ్‌లూ ఉన్నాయి, కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తా.