తోలు గట్టిదే, సోలే చేయిచ్చింది

ఈ ట్రెక్కింగ్ బూట్ల తోలు గురించి నేను ఒక్క చెడ్డ మాట కూడా అనలేను. కొండపల్లి అడవిలో సర్కారు తుమ్మ ముళ్లు గీరినా, కొండవీడు రాళ్లకు ఒరుసుకున్నా, పల్నాడు రేగట్లో చీలమండ దాకా కూరుకుపోయినా ఎక్కడా చిరగలేదు, ఒక్క కుట్టు ఊడలేదు. నా కోపమంతా ఆ తోలుకీ కింది రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొర మీద. మిడ్‌సోల్ అంటారు దాన్ని. కొన్న కొత్తలో ఈ బూటులో నాకు అన్నిటికంటే నచ్చింది కూడా అదే.

కొవిడ్ లాక్‌డౌన్‌లు అయిపోయాక విజయవాడలోనే కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే రకం సోలుతో ఎవరు చేసినా మన ఊరి ఉక్కపోతలో ఇదే జరిగే అవకాశం ఉంది, ఒక్కరిని అనడం న్యాయం కాదు.

ముందు బాగున్నవి చెప్పేస్తాను. కొండపల్లి ఖిల్లా దాకా కాలిబాటన ఎక్కి దిగినా మోకాళ్లు నొప్పెట్టేవి కావు. నా బరువు కాస్త ఎక్కువే, అందుకే ఆ మెత్తదనం విలువ నాకు బాగా తెలిసింది. అడిగిన ప్రతివాళ్లకీ ఇవే కొనమని చెప్పాను. ఆ మాటలో సగం ఇప్పటికీ నిజమే.

వానాకాలంలో వీటిని నరసరావుపేట దగ్గర మా మేనమామ గారి పొలానికి కూడా వేసుకెళ్లేవాణ్ని. నల్లరేగడి సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, నాలుగు అడుగులు వేస్తే కాళ్లు ఎత్తలేం. సోలు కింది గాడులు దగ్గరదగ్గరగా ఉంటే ఆ మట్టి ఇరుక్కుపోయి అడుగు నున్నగా తయారవుతుంది, ఇక పట్టన్నది ఉండదు. ఈ బూటు గాడులు లోతుగా, ఎడంగా ఉన్నాయి. కాలు గట్టిగా విదిలిస్తే సగం మట్టి రాలిపోయేది. ఇలాంటి లోతు గాడుల రబ్బరు అడుగు వెనక పెద్ద కథే ఉంది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో విటాలే బ్రమాని అనే పర్వతారోహకుడి తోటివాళ్లు ఆరుగురు చనిపోయారు. వాళ్లకు సరైన బూట్లు లేకపోవడం కూడా ఒక కారణమని తేలింది. ఆయన 1937లో ఈ అడుగుకు పేటెంటు తీసుకున్నాడు. మంచు కోసం, రాతి కోసం పుట్టింది మన రేగట్లోనూ పనిచేస్తుంటే ఆయన మీద గౌరవం కలిగింది నాకు.

చీలమండ పైదాకా తోలు ఉండడంతో పొలం గట్ల మీద రక్తపింజరి భయం కూడా కొంత తగ్గింది. కొంతే సుమా. పాము పిక్క మీద కూడా కాటేస్తుంది కాబట్టి టార్చీ, చేతికర్రా మానలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మధ్యలో ఉద్యోగం ఒత్తిడి, అమ్మ ఆరోగ్యం వల్ల కొండలకు వెళ్లడం బాగా తగ్గింది. బూట్లు శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, పాలిష్ పట్టించి, వాటి పెట్టెలోనే బీరువా మీద పెట్టాం. కిందటి డిసెంబర్లో తీస్తే కొత్తవాటిలాగే ఉన్నాయి. గాడులు సరిగ్గా అరగను కూడా లేదు. ఆ ఆదివారం ఇద్దరు ఫ్రెండ్స్, మా మేనల్లుడు, నేను కొండవీడు వెళ్లాం. ఇప్పుడు ఘాట్ రోడ్డు మీద కార్లు పైకే పోతున్నాయి గానీ మేం కావాలనే పాత కాలిబాట పట్టాం.

పైన చెరువు పక్కన కూర్చుని పులిహోర తిన్నంతవరకు ఏ తేడా తెలియలేదు. దిగడం మొదలుపెట్టాక కుడికాలు ఒక పక్కకు వాలుతున్నట్టు అనిపించింది. రాయి మీద అడుగు వేస్తే గట్టిగా ఆనడం లేదు. వెనక వస్తున్న మేనల్లుడు, "మామయ్యా, ఆగు, నీ బూటులోంచి ఏదో రాలుతోంది" అన్నాడు. వెనక్కి చూస్తే బాట పొడుగునా నల్లటి పొడి, అక్కడక్కడా చిన్న ముద్దలు. కాలెత్తి చూశాను. మడమ దగ్గర అడుగు నోరు తెరుచుకుని ఉంది. వేలితో నొక్కితే లోపలి పొర పాత గోడ సున్నంలా రాలిపోయింది. జిగురు మాత్రం చెక్కుచెదరలేదు. పైన తోలుకీ, కింద రబ్బరుకీ పలచగా అంటుకునే ఉంది. మధ్యలో ఉన్న సరుకే చచ్చిపోయింది.

తువ్వాలు చింపి బూటు చుట్టూ కట్టాం. రాళ్ల రాపిడికి అది ఎంతోసేపు ఆగలేదు, అడుగు పూర్తిగా ఊడి చేతికొచ్చింది. మిగిలింది లోపలి గట్టి అట్ట. దాని మీద నడుస్తుంటే ప్రతి గులకరాయీ పాదానికి తెలుస్తుంది, పైగా ఒకటే జారుడు. కాసేపటికి ఎడమదీ అదే దారి పట్టింది. మేనల్లుడి భుజం పట్టుకుని ఘాట్ రోడ్డు దాకా ఎలాగో వచ్చాను. ఫ్రెండ్ కిందికి వెళ్లి కారు తెచ్చాడు. కొండవీడు కాబట్టి సరిపోయింది, ఇదే నల్లమల లోపల, ఫోన్ సిగ్నల్ లేనిచోట జరిగి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది.

కారణం తర్వాత తెలుసుకున్నాను. ఆ మెత్తటి పొర పాలీయురెథేన్ నురగ. గాలిలో తేమ అందులోకి చేరి దాని అణువుల గొలుసుల్ని తెంచుతుంది. హైడ్రాలిసిస్ అంటారు. వేడి తోడైతే అది ఇంకా వేగంగా జరుగుతుంది. కృష్ణ ఒడ్డున ఉన్నాం, ఆ రెండూ మనకు కావలసినంత. నడిచినా నడవకపోయినా ఇది ఆగదు. వాడకుండా మూసిపెట్టిన బూట్లు ఇంకా త్వరగా పాడవుతాయని యూరప్ బూట్ల కంపెనీలు కొన్ని తమ సూచనల్లో తామే రాస్తాయి. అంటే నేను జాగ్రత్తగా దాచిన రోజుల్లోనే బూటు లోపల్లోపల పొడైపోయింది. దాని ఆయుష్షు మనం కొన్న రోజు నుంచి కాదు, ఫ్యాక్టరీలో తయారైన రోజు నుంచి తరగడం మొదలవుతుంది. డిస్కౌంట్‌లో దొరికే పాత స్టాకు సగం ఆయుష్షు గోడౌన్లోనే అయిపోయి ఉండొచ్చు.

నాకు మండింది ఇక్కడే. షాపుకు తీసుకెళితే "వారంటీ అయిపోయింది సార్, వాడకంలో అరుగుదల" అన్నారు. ఎక్కడ అరిగింది? గాడుల్లో వేలు పెడితే దిగబడుతోంది. మందు సీసా మీద గడువు తేదీ వేస్తారు, హెల్మెట్ ఎప్పుడు మార్చాలో చెబుతారు. కాలు ఆనేచోట, లోయ పక్కన నడిచే మనిషి ప్రాణం ఆనేచోట, ఈ పొర ఎన్నేళ్లు ఉంటుందో ఒక్క ముక్క రాయరా? పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం ఉంటాయి, అంతే. వాటి అర్థం ఏమిటో కొనేవాడికి చెప్పేవాళ్లు ఉండరు.

తర్వాత వన్‌టౌన్‌లో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. బూటు అటూ ఇటూ తిప్పి, తోలు వంచి చూసి, "బూటు బాగుంది సార్, పారేయకండి. కింద నేను వేస్తాను" అన్నారు. మిగిలిన పొడినంతా గీకి తీసి, రెండు వరసల రబ్బరు షీటు అతికించి, చుట్టూ మైనం పట్టించిన దారంతో కుట్టారు. ఒక్కో కుట్టు వేశాక దారాన్ని చేతికి చుట్టుకుని బలంగా లాగడం పక్కనే కూర్చుని చూశాను. కొత్త బూట్ల ధరలో పదో వంతు కూడా కాలేదు.

ఆ సోలుతో మళ్లీ కొండపల్లి తిరిగాను. ఊడలేదు. అయితే బరువు పెరిగింది, మునుపటి మెత్తదనం లేదు, దిగేటప్పుడు మోకాలికి తెలుస్తోంది. లోపల విడిగా ఇన్‌సోల్ వేసుకుంటే కొంత నయం. గాడులు పలచన కాబట్టి రేగట్లోకి మాత్రం వేసుకెళ్లను.

ఇప్పుడు కొనాల్సి వస్తే ముందు పెట్టె మీద తయారీ తేదీ చూస్తాను. అడుగు చుట్టూ కుట్టు ఉందా, ఉత్త జిగురేనా అని చూస్తాను. మిడ్‌సోల్ ఏమిటో అడుగుతాను. రన్నింగ్ షూల్లో వాడే ఈవీఏ అనే ఇంకో రకం నురగ అయితే బరువుకు త్వరగా అణిగిపోతుంది, కానీ ఇలా పొడై కొండ మధ్యలో ఊడిరాదు. నాకు ఆ నష్టమే మేలనిపిస్తుంది. వాటర్‌ప్రూఫ్ లైనింగ్ మన వాతావరణానికి అక్కర్లేదు. పైనుంచి దిగిన నీళ్లు బయటకు పోవు, ఫిబ్రవరి దాటితే చెమటకే సాక్సులు పిండుకోవాలి. ఆన్‌లైన్లో హంటింగ్ బూట్లని అమ్మేవి చూసి ఎత్తు బాగుందని ఆశపడేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం, ఆ సంగతి అటుంచినా, వాటిలో చాలావాటికి లోపల చలి ఆగే దూది పొర ఉంటుంది. మంచులో కదలకుండా గంటలు కూర్చునేవాళ్లకు పనికొచ్చే సరుకు అది, గుంటూరు జిల్లాలో కాళ్లు ఉడికిపోతాయి. ఉప్పలపాడులో పక్షుల్ని చూడ్డానికైతే ఏ బూట్లూ అక్కర్లేదు, మామూలు చెప్పులు చాలు.

నాది వెడల్పు పాదం, ఏడాదిలో నాలుగు నెలలే కొండలకు వెళ్లగలను, మిగతా కాలం బూట్లు ఇంట్లోనే ఉంటాయి. నాలాంటివాళ్లకు ఈ బూట్లు వద్దనే చెబుతాను. వారం వారం నడిచేవాళ్లు, సోలు అరగగొట్టేసి నాలుగేళ్లలో మార్చేసేవాళ్లు అయితే వీటికంటే హాయిగా కాలికి అమిరేవి నేనైతే ఇంతవరకు వేసుకోలేదు. ఇప్పటికే కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఈసారి బయల్దేరే ముందు మడమ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. సన్నటి పగుళ్లు కనిపించినా, పొడి రాలినా ఆ రోజుకు వేరే బూట్లు వేసుకోండి.