ఆర్‌ఓ ఫిల్టర్: ఫ్లోరైడ్‌కు సరే, పీఎఫ్ఏఎస్ సంగతేంటి?

నల్లగొండ దుకాణాల్లో గోడకు బిగించే మామూలు ఆర్‌ఓ ఫిల్టర్ కొనేవాళ్లు ముందు అడిగేది ఒక్కటే: 'ఫ్లోరైడ్ పోతదా?' పోతుంది. నీళ్ల బాధ ఇంతగా పడ్డ జిల్లాలో పీఎఫ్ఏఎస్ గురించి కూడా అడగాలి. నాన్‌స్టిక్ పూతలు, మరకలంటని బట్టలు, మంటలార్పే నురుగుల తయారీలో వాడిన రసాయనాలివి. ఫ్లోరైడ్ విడి అయాన్. వీటిలో ఫ్లోరిన్ కార్బన్‌ను వదలదు. అందుకే ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే నల్లగొండ పద్ధతికి ఇవి లొంగవు. నీళ్లు కాచినా పోవు, ఇగిరినకొద్దీ చిక్కబడతాయి.

ఆర్‌ఓలో నీళ్లను వడకట్టే పొర, అంటే మెంబ్రేన్, బాగుంటే పీఎఫ్ఏఎస్‌ను సాధారణంగా 90 శాతం పైనే ఆపుతుంది. అసలు చిక్కు దాని పక్కనుండే చిన్న స్క్రూతో, అదే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్. రుచి కోసం దాన్ని తిప్పితే బోరు నీళ్లు మెంబ్రేన్ దాటకుండానే ట్యాంకులో కలుస్తాయి. ఫ్లోరైడ్ కూడా వెంటే వస్తుంది. బిగించే రోజే పూర్తిగా మూయించండి.

పీఎఫ్ఏఎస్ చాలా రకాలు. కార్బన్ ఫిల్టర్ వాటిలో పీఎఫ్ఓఎస్ లాంటి పొడవు కార్బన్ గొలుసులున్నవాటిని బాగా పడుతుంది, పీఎఫ్‌బీఏ లాంటి పొట్టివి తొందరగా జారిపోతాయి. మార్చిన తేదీ దానిమీదే మార్కర్‌తో రాయండి.

టీడీఎస్ మీటర్ చూపించి 'నీళ్లు క్లీన్' అంటే నమ్మొద్దు. పీఎఫ్ఏఎస్‌లో ఒకటైన పీఎఫ్ఓఏకు అమెరికా 2024లో పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు, మీటర్ చదివేది మిల్లీగ్రాములు. పరీక్షకు ఇంత సూక్ష్మ మోతాదునూ కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం ఉన్న ల్యాబే కావాలి. నమూనా పాలీప్రొపిలీన్ సీసాలో పట్టండి, టెఫ్లాన్ టేపు చుట్టిన కుళాయి దగ్గర వద్దు, టెఫ్లాన్ కూడా ఈ కోవదే.

స్క్రూ మూసి ఇచ్చేవాళ్ల దగ్గరైతే కొనొచ్చు.