గ్లోబల్‌ఫైలర్ కిట్: ఎక్కడ బాగుంది, ఎక్కడ జాగ్రత్త

నేరం జరిగిన చోట దొరికే డీఎన్‌ఏ చాలాసార్లు నేరుగా చదవడానికి సరిపోదు, అందుకే ముందు పీసీఆర్ అనే పద్ధతితో దానికి కాపీలు తీయాలి, ఈ కిట్ చేసే పని అదే. మొత్తం 24 మార్కర్లని, అంటే గుర్తింపు కోసం చూసే డీఎన్‌ఏ భాగాలని, ఒకే ట్యూబులో పెంచుతుంది, నేర పరిశోధనలో వాడే అమెరికా డీఎన్‌ఏ డేటాబేస్ కోడిస్ 2017 నుంచి అడుగుతున్న 20 కూడా అందులోనే వచ్చేస్తాయి. సైకిల్ సైకిల్‌కీ కాపీలు దాదాపు రెట్టింపు అవుతాయి కాబట్టి 29 సైకిళ్లు చాలు, గంటన్నర లోపే అయిపోతుంది.

నాకు బాగా నచ్చింది పొట్టి మార్కర్లు. ఎండకీ తేమకీ పాడైన ఎముకల్లో డీఎన్‌ఏ ముక్కలైపోయి ఉంటుంది, పొడవాటి భాగాలు కాపీ అవ్వవు, ఇందులో 10 మార్కర్లు 220 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) లోపే ఉండటం వల్ల అలాంటప్పుడు కూడా ఎంతో కొంత ప్రొఫైల్ (మార్కర్ల ఫలితాల జాబితా) చేతికొస్తుంది.

ఇక తలనొప్పి సంగతి. ఇది కిట్ తప్పు కాదు, పద్ధతిలోనే ఉంది: శాంపిల్ మరీ తక్కువైతే తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన అల్లీల్ (మార్కర్ రూపం) ఒకటి కాపీ కాకుండా జారిపోవచ్చు, పైగా ఫలితాల గ్రాఫ్‌లో అసలు పీక్ పక్కనే, కాపీ తీయడంలో పొరపాటు వల్ల, స్టట్టర్ అనే చిన్న పీక్ లేస్తుంది, ఇద్దరు ముగ్గురి డీఎన్‌ఏ కలిసిపోయిన శాంపిల్‌లో అది ఇంకో మనిషిదా, కాదా అని తేల్చాలంటే ఓపిక కావాలి. ల్యాబ్‌లో ఎవరి చర్మకణమో పడితే దాన్నీ అంతే శ్రద్ధగా కాపీ చేసిపెడుతుంది! నెగటివ్ కంట్రోల్ (డీఎన్‌ఏ వేయకుండా నడిపిన ట్యూబు ఫలితం) చూపించని రిపోర్టుని మాత్రం నేను నమ్మను.