అయిదుగురికి ఒక ప్లేటు: ఎప్‌కాట్ ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్‌లో రెండు రోజులు

అట్లాంటా నుంచి ఓర్లాండోకి కారులో దాదాపు ఏడు గంటల దారి. జార్జియా దాటేలోపే అమ్మానాన్నలకి ఫెస్టివల్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కో దేశం పేరుతో ఒక్కో స్టాల్ ఉంటుంది, అన్నీ చిన్న చిన్న ప్లేట్లే, ఒకటి కొంటే అందరం తలా కాస్త రుచి చూడొచ్చు అని ఊరించాను. అంతా విని అమ్మ ఒక్కటే అడిగింది. "అందరూ ఒకే ప్లేట్లో చేతులు పెడతారా?"

ఎంగిలి సంగతి నాకు తట్టనే లేదు. ఇరవై ఏళ్లు ఇక్కడ ఉంటే ఇలాంటివి మర్చిపోతాం కాబోలు. మా ఆవిడ మాత్రం మర్చిపోలేదు. దారిలో ఒక షాపు దగ్గర ఆపించి, వంద చిన్న పేపర్ ప్లేట్ల కట్ట, ఒక స్పూన్ల పాకెట్ కొంది. ఈ ట్రిప్పులో పెట్టిన ఖర్చులన్నిటిలోకీ బాగా పనికొచ్చింది అదే.

మేం వెళ్లింది 2023 అక్టోబరు మొదట్లో. ఆ ఏడాది ఫెస్టివల్ జూలై 27 నుంచి నవంబరు 18 దాకా నడిచింది. దాదాపు నాలుగు నెలల పండుగ అంటే నాన్నకి నవ్వొచ్చింది. "మనకి మూడు రోజుల సంక్రాంతికే ఇల్లు గుల్లవుతుంది కదరా" అన్నారు.

ఎప్‌కాట్ అంటే ఓర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఉన్న నాలుగు పార్కుల్లో ఒకటి. 1982 అక్టోబరు 1న తెరిచారు. ముందు సగంలో పెద్ద తెల్ల గోళం, సైన్సు రైడ్లు ఉంటాయి. వెనక సగం ఒక చెరువు. దాని చుట్టూ మెక్సికో, నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, కెనడా, మొత్తం 11 దేశాల కట్టడాలు. చుట్టూ ఒకసారి తిరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. ఫెస్టివల్ రోజుల్లో ఈ దారి పొడుగునా, వాటి మధ్యమధ్యలో వేరే దేశాల పేర్లతో కూడా స్టాల్స్ వెలుస్తాయి. ఫెస్టివల్‌కి వేరే టికెట్ లేదు. పార్కు టికెట్ ఉంటే చాలు, తినేది తాగేది మాత్రం మీ జేబు. మేం రెండు రోజుల టికెట్ తీసుకున్నాం. దాన్ని నాలుగు రోజుల్లోగా వాడుకోవచ్చు కాబట్టి శనివారం ఒకసారి, మంగళవారం ఒకసారి వెళ్లాలని ప్లాన్. పెద్దవాళ్లకి తలా 300 డాలర్ల దాకా పడింది, ఎనిమిదేళ్ల పాపకి కొంచెం తక్కువ.

శనివారం పెట్టుకోవడం నా తప్పే. ఫ్లోరిడాలో ఉండేవాళ్లు చాలామంది దగ్గర ఏడాది పాస్ ఉంటుంది. శుక్రవారం సాయంత్రం నుంచి వాళ్లందరికీ ఇది మన ఊళ్లో తీర్థం లాంటిది. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న గుంపులు మెక్సికోలో మొదలుపెట్టి దేశానికో గ్లాసు చొప్పున కెనడా దాకా తాగుకుంటూ పోతాయి. ఎవరూ గొడవ చేయలేదు గానీ, నాలుగు దాటాక ప్రతి స్టాల్ ముందూ పెద్ద క్యూ. అదే మంగళవారం ఎక్కడా పది నిమిషాలకి మించి నిలబడలేదు. మీకు వీలుంటే సోమవారం నుంచి గురువారం లోపే వెళ్లండి. వెనక సగం ఉదయం 11కి తెరుస్తారు. ఆ గంటకే అక్కడ ఉంటే రెండింటి దాకా హాయి.

తిండి సంగతికొస్తే, మేం వెళ్లినప్పుడు ప్లేటు ధర 5 నుంచి 9 డాలర్లు, పరిమాణం నాలుగైదు ముద్దలు. ఇది భోజనం అనుకుని వెళ్తే ఒళ్లు మండుతుంది. టిఫిన్ కడుపు నిండా తిని వెళ్లి, తిరుగుతూ రుచి చూస్తే బాగుంటుంది. మేం శనివారం ఎనిమిది ప్లేట్లు కొన్నాం, మంగళవారం ఆరు. ప్లేటు చేతికి రాగానే అమ్మ దాన్ని చెత్తడబ్బా మీదున్న చదును చోట పెట్టి (అక్కడ అందరికీ అవే బల్లలు), ఎవరి చెయ్యీ పడకముందే శుభ్రమైన స్పూన్‌తో అయిదు వాటాలు వేసేది. పక్కనున్న అమెరికన్ ముసలావిడ ఒకామె కాసేపు చూసి, మాకో రెండు ప్లేట్లు ఇస్తారా అని అడిగి తీసుకుంది.

అమ్మ గుడ్డు కూడా తినదు. ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. డిస్నీ మెనూల్లో చిన్న ఆకు గుర్తు ఉంటే అందులో మాంసం, గుడ్డు, పాలు, తేనె ఏవీ లేనట్టు. మనకి పాలు, నెయ్యి అభ్యంతరం లేదు కాబట్టి ఆకు గుర్తు లేనివాటిలోనూ మనం తినగలిగేవి ఉంటాయి, కానీ ప్రతిదీ అడగాలి. ఏ స్టాల్‌లో అడిగినా దినుసులు రాసిన ఫైలు తీసి చూపించారు. గ్రీస్ స్టాల్‌లో పెనం మీద కాల్చిన చీజ్‌పై తేనె, పిస్తా వేసిచ్చేది అలా దొరికిందే. నా లెక్కలో మొత్తం ఫెస్టివల్‌లో అదే మొదటి ర్యాంకు. రెండోసారి కొన్నది కూడా అదొక్కటే. అక్కడే మాంసం లేకుండా ముసాకా అనే వాళ్ల వంటకం కూడా చేశారు. వంకాయ ఉంది కాబట్టి అమ్మ దాన్ని మన కూరల కోవలో కలిపేసింది.

అడగకపోతే ఏమవుతుందో కెనడా స్టాల్ దగ్గర తెలిసేది. ఈ ఫెస్టివల్‌కి బాగా పేరు తెచ్చిన వాటిలో అక్కడి చెడ్డార్ చీజ్ సూప్ ఒకటి. చీజ్ సూపే కదా అని ఆర్డర్ చెప్పబోయాను. మా ఆవిడ బోర్డు చదివి ఆపింది. అందులో బేకన్, అంటే పంది మాంసం ముక్కలు వేస్తారు. చీజ్ తినే సరదా ఉన్నవాళ్ల కోసం ఎమిల్ అనే ఎలుక పేరుతో ఒక ఆట ఉంది. లిస్టులో ఉన్న అయిదు చీజ్ ఐటెమ్స్ కొని స్టాంపులు వేయించుకుంటే చివర ఒక తీపి ఉచితం. ఆ లిస్టులో మాంసం ఉన్నవీ కలిసి ఉంటాయి. శాకాహారులు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇండియాకి ఎప్‌కాట్‌లో శాశ్వత కట్టడం లేదు. ఫెస్టివల్ నాళ్లలో మాత్రం చైనాకీ జర్మనీకీ మధ్య మన పేరుతో ఒక స్టాల్ ఉంటుంది. మద్రాస్ రెడ్ కర్రీ అని ఒకటి పెట్టారు. కాల్చిన కాలీఫ్లవర్, చిన్న క్యారెట్లు, శనగలు, బాస్మతి అన్నం. నాన్న చదువుకున్నది మద్రాసులో. "నాలుగేళ్లు ఉన్నాను, ఈ కూర ఎక్కడా తగల్లేదే" అని మొదలుపెట్టారు గానీ తన వాటా ఖాళీ చేశారు. అమ్మ తీర్పు: కాలీఫ్లవర్ బాగా వేగింది, ఉప్పు సరిపోయింది, కారం సంగతి అడగొద్దు. నాకైతే ఆ స్టాల్ ముందు మనవాళ్లే కాక రకరకాల దేశాలవాళ్లు పానీపూరీ ఎలా తినాలో ఒకరినొకరు చూసి నేర్చుకోవడం సరదాగా అనిపించింది. కొరికి కారిపోగొట్టుకుంటున్న ఒక కుర్రాడికి మా పాప, మొత్తం ఒకేసారి నోట్లో పెట్టెయ్యాలని నేర్పింది. డబ్బు లెక్క చూస్తే మన ఊరి వంట కోసం ఇక్కడ ఖర్చు పెట్టనక్కర్లేదు. ఆ డబ్బుతో జపాన్ దగ్గర దొరికే కాకిగోరి కొనండి. మన బండి మీది ఐస్ గోలానే, మంచు ఇంకా మెత్తగా ఉంటుంది.

ఇక వైన్. నాన్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. ఆయన ఎప్పుడైనా తాగారో లేదో నాకిప్పటికీ తెలియదు, నేను తాగుతానని ఆయనకి తెలుసో లేదో అదీ తెలియదు. మా ఇంట్లో ఆ మాట రాదు. అలాంటి మనిషి జర్మనీ దగ్గర ఆగి, బోర్డు చదివి, "ఇదేదో ద్రాక్షదేగా, ఎలా ఉంటుందో చూడొచ్చు" అన్నారు, నా వైపు చూడకుండా. నేను క్యూలో నిలబడ్డాను. ఇక్కడ 21 ఏళ్లు నిండాలి, ఫోటో ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపించాలి. తల పూర్తిగా నెరిసినా మినహాయింపు లేదు. నాన్న గర్వంగా సంచీలోంచి పాస్‌పోర్టు కలర్ జిరాక్స్ తీశారు. అసలుది పోతుందేమోనని బస దగ్గరే పెట్టి వచ్చారట. కౌంటర్ అమ్మాయి చాలా మర్యాదగా కుదరదని చెప్పింది. ఫెస్టివల్‌లో పిల్లలకీ పెద్దలకీ ఉచితంగా ఒక చిన్న పుస్తకం ఇస్తారు, దాని పేరే పాస్‌పోర్టు. మా పాప అది తీసి, "తాతయ్యా, నాది చూపించు" అంది. అమ్మ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి నడక, ఎండ, కూర్చునే చోటు, ఈ మూడే టెన్షన్. అక్టోబరులోనూ మధ్యాహ్నం మన కోస్తా ఊళ్లలో లాంటి ఉక్క. అమెరికా భవనంలో అర్ధగంట షో ఉంటుంది, చల్లటి ఏసీ హాలు, మంచి కుర్చీలు. ఫ్రాన్స్ సినిమా కూడా కూర్చునే చూడొచ్చు. చైనా, కెనడా సినిమాలు చుట్టూ తెరలుండే రకం, నిలబడే చూడాలి. తెలియక చైనాలోకి ముందు వెళ్లాం, అమ్మ మోకాళ్లు పట్టేశాయి. అప్పుడు రోజుకి 12 డాలర్లకి చక్రాల కుర్చీ అద్దెకిచ్చారు. మంగళవారం అది తీసుకుంటే, "నాకేమొచ్చిందని" అని అమ్మ దాంట్లో సంచులు పెట్టి తోసుకుంటూ తిరిగింది, సాయంత్రం అయిదయ్యాక మాట్లాడకుండా ఎక్కి కూర్చుంది. తాగునీళ్లకి డబ్బు పెట్టకండి. తిండి కౌంటర్లలో అడిగితే ఐసు వేసిన నీళ్లు ఊరికే ఇస్తారు. అలాగే బయటి తిండి లోపలికి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలు, మద్యం తప్ప. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి మా పులిహోర డబ్బా తెరిచి చూసి, వాసన బాగుందన్నాడు.

పులిహోర ఎలా వచ్చిందంటే, మేం దిగింది వంటిల్లు ఉన్న బస కాబట్టి. అంతకుముందు ఏడాది ఆగస్టులో మేం ముగ్గురమే వచ్చినప్పుడు డిస్నీ వాళ్ల పాప్ సెంచరీ హోటల్లో ఉన్నాం. అక్కడి నుంచి స్కైలైనర్ అనే తీగ మీద నడిచే పెట్టెల్లో, దారిలో ఒకసారి మారి, ఫ్రాన్స్, బ్రిటన్‌ల మధ్య గేటు దగ్గర దిగిపోవచ్చు. పార్కింగ్ గొడవ లేదు. మెరుపులొస్తే మాత్రం ఆపేస్తారు, అప్పుడు బస్సే దిక్కు. కానీ అక్కడ గదికి నలుగురినే అనుమతిస్తారు. అయిదుగురికి రెండు గదులంటే బిల్లు రెట్టింపు. అందుకే ఈసారి బయట, పార్కుకి ఇరవై నిమిషాల దూరంలో రెండు పడగ్గదుల ఫ్లాటు తీసుకున్నాం. గదులు విశాలంగా ఉన్నాయి, కుక్కర్ పట్టుకెళ్లాం కాబట్టి రెండు పూటలా అన్నం వండుకున్నాం. ఒళ్లు మండింది మాత్రం లెక్కల దగ్గర. బుక్ చేసినప్పుడు చూపించిన అద్దెకి అదనంగా రిసార్ట్ ఫీజు అని రోజుకింత, కారు పెట్టుకున్నందుకు మరింత కలిపారు. "ఉచిత షటిల్" అని రాసుకున్నది పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రాత్రి బాణసంచా చూసి రావాలంటే లేదు. చివరికి మా కారులోనే వెళ్లి పార్కు దగ్గర రోజుకి 25 డాలర్లు కట్టాం. ముగ్గురు నలుగురైతే నేను మళ్లీ పాప్ సెంచరీకే వెళ్తాను. పెద్దవాళ్లుంటే వంటిల్లున్న బసే, కాకపోతే అన్ని ఫీజులూ కలిపిన మొత్తం చూశాకే బుక్ చేస్తాను.

రైడ్ల గురించి రాయను. పాప కోసం ఫ్రాన్స్‌లో రెమీ ఎలుక రైడ్ ఎక్కాం, అమ్మానాన్నలు తెల్ల గోళం లోపలి నెమ్మది రైడ్‌ని రెండుసార్లు ఎక్కారు. సాయంత్రాలు అమెరికా ఎదురుగా చెరువు ఒడ్డు స్టేజి మీద పాటల కచేరీ ఉంటుంది, దానికీ వేరే టికెట్ లేదు. పాటలు మాకెవరికీ తెలియవు, కుర్చీలు మాత్రం అందరికీ నచ్చాయి.

మంగళవారం నాన్న పాస్‌పోర్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్ని చొక్కా లోపలి జేబులో పెట్టి, పిన్నీసు కూడా పెట్టుకుని వచ్చారు. జర్మనీలో తీపి రీస్లింగ్ వైన్ ఒక చిన్న గ్లాసు. ఇద్దరం చెరువు గోడ దగ్గర నిలబడ్డాం. ఆయన ఒక గుక్క తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకుని, "పెద్ద ఘాటేం లేదు" అన్నారు. ఇంకో గుక్క తాగి గ్లాసు నా వైపు జరిపారు. "మిగతాది నువ్వు తాగు, పారేస్తే డబ్బులు దండగ." నేను చేత్తో పట్టుకున్నాను గానీ ఆయన అటు తిరిగేదాకా తాగలేకపోయాను. అది తెలిసినట్టే, చెరువులో వెళ్తున్న పడవని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. బెంచీ మీద నుంచి అమ్మ అంది, "ఎంగిలి గ్లాసు వాడికిస్తారేంటండీ, ఇదిగో ఇక్కడ కప్పులున్నాయి."

రాత్రి బాణసంచా అయ్యేసరికి జనం ఒక్కసారిగా గేటు వైపు కదులుతారు. మేం ఇరవై నిమిషాలు ఆగి మెల్లగా నడిచాం. బసకి వచ్చాక పదకొండు దాటింది, పాప కారులోనే నిద్రపోయింది. నేను ఫోన్లో రెండు రోజుల బిల్లులు కూడుకుంటున్నాను. తిండికీ తాగడానికీ కలిపి 140 డాలర్లు. అమ్మ వంటింటి గట్టు మీద పేపర్ ప్లేట్లు లెక్కపెడుతోంది.

"ముప్ఫై మిగిలాయి" అంది. "రేపు దారిలో పెరుగన్నానికి సరిపోతాయి."